బంగారు అక్షరాల బైండింగ్ కాదు: అసలు టెక్నికల్ రిపోర్టుల కథ

ఇది మన వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. మాట్లాడేటప్పుడు దొర్లిన సాగదీతలు కొన్ని కత్తిరించాను, మిగతాదంతా అలాగే ఉంది.

హనుమకొండలో ఏ ఇంజినీరింగ్ స్టూడెంట్‌నైనా ఆపి, "టెక్నికల్ రిపోర్ట్ అంటే ఏంటి?" అని అడగండి. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల సర్టిఫికెట్ పేజీ, డిక్లరేషన్ పేజీ, ఫైనల్ ఇయర్‌లో జిరాక్స్ షాపు ముందు లైన్. ఇవే చెప్తారు. ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. ఒక ల్యాబ్ గానీ, యూనివర్సిటీ గానీ, ప్రభుత్వ శాఖ గానీ తన దగ్గర జరిగిన పనిని ఏ పత్రికకీ పంపకముందే, ఒక్కోసారి అసలు పంపకుండానే, ఒక నంబర్ వేసి తనే అచ్చేసుకుని పంచేది. దాన్ని ఎవరూ అమ్ముకోరు. అందుకే మన చేతికి అందుతుంది. ఇవాళ మాట్లాడేది దాని గురించే.

ఎందుకు ఇప్పుడు? చెప్తాను. 2024 నవంబర్ 25న కేంద్ర క్యాబినెట్ "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" అనే పథకాన్ని ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. 2025 జనవరి నుంచి మొదలైంది. మంచి పనే. కానీ మొదటి దశ ప్రభుత్వ సంస్థలకి. నిట్‌లో చదివే పిల్లోడికి దారి తెరుచుకుంది. అదే ఊళ్లో, అదే కాజీపేట స్టేషన్‌లో దిగి ప్రైవేటు కాలేజీ బస్సెక్కే అమ్మాయికి ఆ మొదటి దశలో చోటు లేదు. ఆమె ఒక మంచి పేపర్ మీద నొక్కితే ఫోన్‌లో ఏం వస్తుంది? డాలర్లలో ధర వస్తుంది. మన దగ్గర ఇంజినీరింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ఆ అమ్మాయి వైపే ఉన్నారు. కాబట్టి తాళం లేని గది ఎక్కడుందో తెలియడం చిన్న విషయం కాదు.

ఆ గదిలోకి మన మనిషి ఒకాయన పని ద్వారా వెళ్దాం.

మీ ఫోన్ కీబోర్డ్‌లో మైక్ బొమ్మ ఉంటుంది కదా. నొక్కి "అమ్మా, లేట్ అవుతుంది, అన్నం తినేయండి" అంటే తెలుగులో టైప్ అయిపోతుంది. మనిషి గొంతు విని కంప్యూటర్ అక్షరాలు రాయడం అనే పనికి పునాదులు వేసినవాళ్లలో ఒకరు రాజ్ రెడ్డి. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ కాలేజీలో బీఈ, ఆస్ట్రేలియాలో ఎంటెక్, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు తీసుకున్నారు. బాసర ట్రిపుల్ ఐటీ వాళ్లకి ఆయన ఇంకోలా తెలుసు, వాళ్ల యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్‌గా.

1966లో జాన్ మెకార్తీ దగ్గర ఆయన చేసిన పీహెచ్‌డీ థీసిస్ ఒక టెక్నికల్ రిపోర్ట్‌గా బయటికొచ్చింది. దానికి రెండు నంబర్లు. స్టాన్‌ఫర్డ్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వాళ్ల లెక్కలో మెమో 43. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ లెక్కలో సీఎస్ 49. ఒకే పుస్తకం, రెండు పేర్లు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, వెతికేటప్పుడు పనికొస్తుంది.

అందులో ఏముంది? మైక్‌లో మాట్లాడిన మాటని డిజిటల్‌గా మార్చి, తరంగాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క అచ్చులా ఉంది, ఏ ముక్క "స", "ష" లాంటి ఊదుడు శబ్దంలా ఉంది అని తేల్చి, ఒక్కో ముక్కకి ఒక్కో ధ్వని పేరు పెట్టడం. ఐబీఎం 7090నీ, పీడీపీ-1నీ జత చేసి నడిపారు. ఒక్కోటి ఒకటి నుంచి రెండు సెకన్లు ఉండే దాదాపు 30 పలుకుల మీద పరీక్ష. మాట్లాడింది ఒకే ఒక్క మనిషి. విశ్లేషణకి పట్టిన టైమ్, మాట నిడివికి దాదాపు 40 రెట్లు. అంటే రెండు సెకన్ల మాటకి ఎనభై సెకన్లు. మీరు "అన్నం తినేయండి" అన్నాక, అది ఏ శబ్దమో తేలేలోపు మీ అమ్మ తినేసి గిన్నెలు కూడా కడిగేస్తుంది.

నాకు ఇందులో నచ్చేది ఆ అంకెల్ని దాచకపోవడం. ముప్పై పలుకులు, ఒక్క గొంతు, నలభై రెట్లు. ఇంతవరకు వచ్చాం, ఇక్కడ ఆగాం అని చెప్పడం. దాని తర్వాత కథ వేగంగా సాగింది. 1969లో ఆయన కార్నెగీ మెలన్‌కి మారారు. 1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగం ఆర్పా ఐదేళ్ల ప్రాజెక్టు ఒకటి పెట్టి, వెయ్యి పదాలు గుర్తుపట్టే యంత్రం చేయమంది. 1976కల్లా కార్నెగీ మెలన్‌లో చేసిన హార్పీ అనే సిస్టమ్ 1,011 పదాలతో ఆ గీత దాటింది. ఆ ఏళ్ల పనిలో చాలా భాగం ఇలాంటి నంబర్లు వేసిన రిపోర్టుల్లోనే ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ 1966 పని మీదే రాజ్ రెడ్డి 1967లో అమెరికా అకౌస్టికల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఇరవై పేజీలకు మించదు. అది పత్రిక సొంతం, డబ్బు కట్టాలి. థీసిస్ రిపోర్టులో పద్ధతి అంతా విడమరిచి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ పాత రిపోర్టుల స్కాన్‌లు నెట్‌లో ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు. తక్కువ ఉన్నదానికి ధర, ఎక్కువ ఉన్నది ఉచితం. ఇది వింత కాదు, రిపోర్టుల లోకంలో మామూలే. పత్రికకి పేజీల లెక్క ఉంటుంది, ల్యాబ్‌కి ఉండదు.

ఇంతకీ ఈ నంబర్ల అలవాటు ఎక్కడ మొదలైంది? ఒక దారి విమానాల నుంచి వచ్చింది. 1915లో అమెరికా ప్రభుత్వం నాకా అనే కమిటీ పెట్టింది. ఇవాళ్టి నాసాకి అమ్మమ్మ అనుకోండి. మెకానికల్ వాళ్లు ఇప్పటికే తల ఊపుతున్నారు, ఎందుకంటే ప్రాజెక్టుల్లో "నాకా 2412" అని రెక్క ఆకారం తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో గాలి ఊదించడం మన కాలేజీల్లో కూడా కనిపించేదే. ఆ నాలుగంకెల పేరు ఎక్కడిది? 1933 నాటి నాకా రిపోర్ట్ 460. ఒకే కుటుంబానికి చెందిన 78 రెక్క ఆకారాల్ని గాలి సొరంగంలో పరీక్షించి, వచ్చిన కొలతలన్నీ అచ్చేశారు. 2412 అంటే రెక్క వెడల్పులో 2 శాతం వంపు, ఆ వంపు ముందు అంచు నుంచి 40 శాతం దూరంలో, మందం 12 శాతం. అంతే. నాసా టెక్నికల్ రిపోర్ట్స్ సర్వర్‌లో ఆ రిపోర్ట్ ఫ్రీగా ఉంది. తొంభై ఏళ్ల కిందటి అసలు కొలతల పక్కన మీ సాఫ్ట్‌వేర్ గీతని పెట్టి చూడొచ్చు. ఆ పని చేసిన ప్రాజెక్టు నాకైతే చాలా అరుదుగా కనిపించింది. యూట్యూబ్ ట్యుటోరియల్ గీతతో పోల్చినవి మాత్రం బోలెడు.

రెండో దారి యుద్ధం నుంచి. 1945 జూన్‌లో, జర్మనీ ఓడిన నెలకి, అధ్యక్షుడు ట్రూమన్ పబ్లికేషన్ బోర్డ్ అని ఒకటి పెట్టారు. యుద్ధంలో రహస్యంగా జరిగిన పరిశోధన, తర్వాత జర్మన్ ఫ్యాక్టరీల నుంచి, ల్యాబుల నుంచి మోసుకొచ్చిన కాగితాలు, వీటిలో బయటపెట్టగలిగినవాటికి నంబర్ వేసి జనానికి ఇవ్వడం దాని పని. ఆ నంబర్ల ముందు "పీబీ" అని ఉంటుంది, ఆ బోర్డు పేరే అది. అలాగే "ఏడీ" అని మొదలయ్యే నంబర్లు కనిపిస్తాయి. అది 1951లో పుట్టిన ఆస్టియా అనే సైనిక సమాచార సంస్థ పత్రం అని గుర్తు. ఆ సంస్థ పేర్లు మార్చుకుంటూ ఇవాళ డీటిక్ అయింది. ఆర్పా డబ్బుతో నడిచిన కంప్యూటర్ పని చాలావరకు ఆ గోదాములోకి కూడా చేరింది. మనం "ఏఐ" అని ఇవాళ మురిసిపోయేదాని బాల్యంలో చాలా భాగం సైనిక బడ్జెట్‌లోనే గడిచింది. కొరుకుడు పడని విషయమే గానీ, నిజం.

సరే, అవన్నీ అమెరికాలో. వరంగల్‌కి ఎలా వచ్చేవి?

1959 అక్టోబర్ 10న నెహ్రూ మన రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరసలో అదే మొదటిది. 2002లో అది నిట్ అయింది. మధ్యలోని నలభై ఏళ్లు తలుచుకోండి. ఢిల్లీలో 1952 నుంచి ఇన్స్‌డాక్ అని ఒక కేంద్రం ఉండేది. మీకు కావాల్సిన పేపర్ వివరాలు రాసి పంపితే, దొరికితే కాపీ తీసి పోస్టులో పంపేవాళ్లు. రష్యన్, జర్మన్ పేపరైతే తర్జుమా కూడా చేయించేవాళ్లు. అమెరికన్ రిపోర్టులు మైక్రోఫిష్ రూపంలో తిరిగేవి. మైక్రోఫిష్ అంటే పోస్టుకార్డు సైజు ఫిల్మ్ ముక్క. పేజీని 24 రెట్లు చిన్నది చేసి, ఒక్క ముక్క మీద 98 పేజీలు ఎక్కించేవాళ్లు. చదవాలంటే లైట్ ఉన్న పెద్ద రీడర్ ముందు కూర్చోవాలి. నంబర్‌లో ఒక్క అంకె తప్పు రాస్తే, వారాల తర్వాత వేరే ఎవరి పనో చేతికొచ్చేది. ఆ కాలంలో రిపోర్ట్ నంబర్ అనేది ఇంటి నంబర్‌లాంటిది, పోస్ట్‌మ్యాన్‌కి అదే ఆధారం.

ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా ఉద్దేశంలో వెతకడంలో జరిగే పెద్ద నష్టం ఇదే. సెర్చ్‌లో "స్పీచ్ రికగ్నిషన్ పీడీఎఫ్" అని కొడితే లక్షల్లో చెత్త వస్తుంది. రిపోర్ట్ నంబర్, దాని పక్కన సంస్థ పేరు కొట్టి చూడండి. సూటిగా వచ్చి పడుతుంది. నంబర్ ఎక్కడ దొరుకుతుంది? ఏదైనా మంచి పేపర్ చివర రిఫరెన్సుల్లో. టైటిల్ తర్వాత "టెక్. రెప్." అని పొట్టిగా రాసి ఒక అంకె ఉంటుంది చూడండి, అదే. చాలామంది ఆ లైన్ దాటేస్తారు, ఇది పత్రిక కాదు కదా అని. దాటేయాల్సింది అది కాదు.

ఒక్కోసారి నంబర్‌తో దొరకదు, నేను చెప్పినట్టు ఒకే పుస్తకానికి రెండు నంబర్లు ఉంటాయి కాబట్టి. అప్పుడు రచయిత ఇంటి పేరు, టైటిల్‌లోని నాలుగు వరస పదాలు కోట్స్‌లో పెట్టి వెతకండి. గూగుల్ స్కాలర్‌లో ఒక పేపర్ కింద "అన్ని వెర్షన్లు" అనే చిన్న లింకు ఉంటుంది. డబ్బు అడిగే వ్యాసం వెనకాల, అదే రచయితల రిపోర్ట్ వెర్షన్ అక్కడ కూర్చుని ఉంటుంది చాలాసార్లు.

గూగుల్ అన్నాను కాబట్టి ఒక మాట. 1992 నాటికి ఆర్పా పేరు దార్పా. వాళ్ల డబ్బుతో స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, కార్నెగీ మెలన్, బర్క్‌లీ, కార్నెల్ ఐదూ కలిసి తమ కంప్యూటర్ సైన్స్ రిపోర్టుల్ని నెట్‌వర్క్ మీద పెట్టే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. నడిపించింది ఇంటర్నెట్ పునాదులు వేసిన రాబర్ట్ కాన్ సంస్థ. ఫైల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మారినా చిరునామా చెడిపోకుండా ఉండాలని అక్కడ "హ్యాండిల్" అనే పద్ధతి పెంచారు. ఇవాళ ప్రతి పేపర్ కింద కనిపించే డీఓఐ నంబర్ నడిచేది ఆ హ్యాండిల్ పద్ధతి మీదే. అంటే రిపోర్టులు పోగొట్టుకోకూడదన్న ఆరాటమే ఇవాళ్టి పేపర్లన్నిటికీ అడ్రస్ ఇచ్చింది.

ఇక స్టాన్‌ఫర్డ్ డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టులో ఇద్దరు స్టూడెంట్లు ఉండేవాళ్లు, లారీ పేజ్, సెర్గీ బ్రిన్. వెబ్‌పేజీల ర్యాంకు లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ గురించి రాజీవ్ మోత్వానీ, టెరీ వినోగ్రాడ్‌లతో కలిసి రాసింది ఒక టెక్నికల్ రిపోర్టే. నంబర్ 1999-66. దాన్ని ఇవాళ్టికీ అందరూ ఆ రిపోర్ట్ పేరుతోనే ఉదహరిస్తారు. ఫోన్‌లో తెరిచి చూడండి, గూగుల్ ఎలా పుట్టిందో వాళ్ల మాటల్లోనే ఉంటుంది. ఒక చిన్న తమాషా కూడా. రిపోర్ట్ నంబర్ 1999 అంటుంది, లోపల మొదటి పేజీ మీద తేదీ 1998 జనవరి 29. రెండూ నిజమే. రాసింది ఒక ఏడాది, నంబర్ పడింది ఇంకో ఏడాది. అందుకే ఎవరు ముందు, ఎవరు తర్వాత అని తేల్చాల్సి వస్తే నంబర్ చూసి ఆగిపోకండి. మొదటి పేజీ తెరిచి తేదీ చూడాలి, "రివైజ్డ్" అనే మాట ఉందేమో చూడాలి.

వాడే విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పత్రికలో వచ్చేదాన్ని బయటి నిపుణులు చదివి ప్రశ్నలడుగుతారు. రిపోర్టుకి ఆ కాపలా ఉండదు, ల్యాబ్ తన మాట తను చెప్పుకుంటుంది. కాబట్టి డబ్బు ఎవరిచ్చారు, కొలత ఎంతమంది మీద, ఎన్నిసార్లు, ఎక్కడ పనిచేయలేదు అన్నవి వెతుక్కుని చదవాలి. ఇవి లేకపోతే ఆ రిపోర్ట్ అడ్వర్టైజ్‌మెంట్‌కి దగ్గర.

సివిల్ వాళ్లు అలగకండి, మీ వైపు వస్తున్నా. వరంగల్లో సివిల్ సెమినార్ అంటే రామప్ప ఇటుక రాకుండా ఉండదు. నీళ్ల మీద తేలే ఇటుక, ఇసుక పునాది. వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డే స్లైడ్‌గా మారిపోతుంది. గులాం యజ్దానీ పాలంపేట గుళ్ల మీద రాసింది భారత పురావస్తు శాఖ మెమాయిర్ల వరసలో 6వ నంబరుగా 1922లో అచ్చయింది. 2021 జులైలో యునెస్కో జాబితాలోకి ఎక్కినప్పుడు భారత ప్రభుత్వం ఇచ్చిన నామినేషన్ పత్రం, దాన్ని పరిశీలించిన ఇకోమాస్ నివేదిక రెండూ యునెస్కో సైట్‌లో ఉన్నాయి. యునెస్కో వాళ్ల వివరణలో ఒక్క పదం గమనించండి. "తేలే ఇటుకలు" అని కొటేషన్ మార్కుల్లో పెట్టి, "అలా పిలిచేవి" అన్నట్టు రాశారు. వాటి ఉపయోగం మాత్రం సూటిగా చెప్పారు: గుల్లగా, తేలికగా ఉండి పైకప్పు బరువు తగ్గించాయి. ఇంజినీర్‌కి కావాల్సింది ఆ రెండో సగం. తేలుతుందా లేదా అని బకెట్ ముందు చప్పట్లు కొట్టడం కంటే, కింద స్తంభాల మీద ఎంత భారం తగ్గిందో లెక్కేస్తే అది సెమినార్ అవుతుంది.

రిపోర్టు వల్ల ఊరి రూపమే మారిన సందర్భం కూడా మన దగ్గరే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ని ముంచేసింది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. పై ప్రాంతంలో ఉన్న ఏడు వందలకు పైగా చెరువుల్లో రెండు వందలకు పైగా తెగాయని ఆయన తేల్చారు. ఒక చెరువు తెగి ఆ నీళ్లు కింది చెరువు మీద పడడం, అది తెగి ఇంకో దాని మీద పడడం. ఆయన సిఫార్సుల్లోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. కాకతీయులు గొలుసు చెరువులు కట్టిన నేల మీద కూర్చుని ఇది చదివితే, మన భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం వాకింగ్ కొంచెం వేరేగా అనిపిస్తుంది.

చివరగా ఒక పేచీ. 1991లో పాల్ గిన్స్‌పర్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ సర్వర్ వచ్చాక, యూనివర్సిటీలు సొంతంగా రిపోర్టులు వేయడం తగ్గింది. అందరూ నేరుగా అక్కడే పెడుతున్నారు. 2017 జూన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ కూడా అక్కడే కనిపించింది. దాంట్లో నాకే పేచీ లేదు. పేచీ "టెక్నికల్ రిపోర్ట్" అనే పేరు గురించి. 2023 మార్చిలో ఓపెన్‌ఏఐ "జీపీటీ-4 టెక్నికల్ రిపోర్ట్" అని పెట్టింది. అందులోనే రాసుకున్నారు: పోటీ వల్ల, భద్రత వల్ల మోడల్ సైజు, నిర్మాణం, హార్డ్‌వేర్, ఏ డేటాతో నేర్పారు, ఇవేవీ చెప్పడం లేదని. మరి అది టెక్నికల్ రిపోర్టేనా? 2024 డిసెంబర్‌లో చైనా కంపెనీ డీప్‌సీక్ వీ3 మోడల్‌కి రిపోర్ట్ వేసింది. మొత్తం 671 బిలియన్ పారామీటర్లు, ఒక్కో టోకెన్‌కి పనిచేసేవి 37 బిలియన్లు, శిక్షణకి దాదాపు 28 లక్షల జీపీయూ గంటలు అని చెప్పింది. వాళ్లూ డేటా గురించి అంతా విప్పలేదు. అయినా రెండింటినీ పక్కపక్కన తెరిచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

1966లో ముప్పై పలుకులు, ఒక్క గొంతు, నలభై రెట్లు అని చెప్పిన మనిషిని ఈ రెండింటి పక్కన నిలబెట్టి, ఏది ఎంత చెప్పిందో మీరే కామెంట్లలో రాయండి. రాసేటప్పుడు రిపోర్ట్ నంబర్, తేదీ పెట్టండి, నేనూ తెరిచి చూస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో గోదావరి ఆనకట్ట కోసం 1840ల్లో ఆర్థర్ కాటన్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన రిపోర్టులు. ధవళేశ్వరం వాళ్లు, రెడీగా ఉండండి.